టెక్సాస్‌లో మిడిల్ స్కూల్ టీచర్ కోర్సులో చేరే ముందు జాగ్రత్తలు

• కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేతికొస్తే టీచర్ అయిపోయినట్టు కాదు. లైసెన్సుకి బ్యాచిలర్ డిగ్రీ కావాలి. కాబట్టి తర్వాత వెళ్లబోయే యూనివర్సిటీని ముందే అనుకుని, మీ కాలేజీ క్రెడిట్లలో (కోర్సులకి వచ్చే పాయింట్లు) వాళ్లు వేటిని ఒప్పుకుంటారో అక్కడి అడ్వైజర్‌ని ఈమెయిల్‌లో అడగండి. నోటిమాట మీద ఫీజు కట్టొద్దు.

• ఇండియాలో ఇప్పటికే డిగ్రీ చేసినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు. ముందు డిగ్రీని ఇవాల్యుయేషన్ (అమెరికా డిగ్రీతో సమానమో కాదో తేల్చడం) చేయించండి. ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్, అంటే డిగ్రీ ఉన్నవాళ్లు మళ్లీ డిగ్రీ చేయకుండా టీచర్ లైసెన్సు తెచ్చుకునే దారి, చాలామందికి దగ్గర. మన ఆడవాళ్లు ఎంతోమంది ఇది తెలియక రెండేళ్లు పోగొట్టుకుంటారు, బాధేస్తుంది.

• హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) మీద చదువుకోవచ్చు. జీతం తీసుకోవాలంటే మాత్రం ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉండాలి.

• 4–8 తరగతుల టీచర్ సర్టిఫికెట్‌లో లెక్కలు, సైన్స్, సోషల్ వేర్వేరుగా ఉంటాయి. మీ సబ్జెక్టు ఇప్పుడే తేల్చుకోండి, టెక్సెస్ (టెక్సాస్ టీచర్ లైసెన్సు పరీక్ష) దాన్నిబట్టే.

• కమ్యూనిటీ కాలేజీలో టీచర్ వృత్తిని పరిచయం చేసే ఈడీయూసీ 1301 కోర్సులో కనీసం 16 గంటలు నిజమైన స్కూలు క్లాసుల్లో కూర్చుని గమనించాలి. ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేర చరిత్ర ఉందేమో చూడటం) ఉంటుంది, ఆలస్యమైతే సెమిస్టర్ చేజారుతుంది, మొదటి వారంలోనే ఫారాలు ఇచ్చేయండి. వీలైతే లంచ్ తర్వాత పీరియడ్ అడగండి. ఏడో తరగతి పిల్లలు అరుచుకుంటూ లోపలికొస్తారు. టీచర్ గొంతు పెంచకుండా, తలుపు దగ్గరే నిలబడి ఒక్కొక్కరిని పేరుపెట్టి పలకరిస్తూ, బోర్డు మీద చిన్న ప్రశ్న సిద్ధంగా ఉంచి వాళ్లని ఎలా దారిలో పెడతారో చూడండి. అదంతా నోట్‌బుక్‌లో రాసుకోండి. పిల్లల పేర్లు రాయకండి, ఫొటోలు అసలే వద్దు.