ఫాలోవర్లున్నారు సరే, నటన మాటేంటి?

ఫోన్ ముందు రెండేళ్లు వీడియోలు చేశారు, లక్షో రెండు లక్షలో ఫాలోవర్లు వచ్చారు, ఇంట్లోవాళ్లు కూడా "ఇక సినిమాలేగా" అంటున్నారు. ఈ దశలో చాలామంది అమ్మాయిలు చేసే మొదటి పని ఖరీదైన ఫొటోషూట్. ఆ డబ్బు తగలేయకండి. మీ ముఖం ఎలా ఉంటుందో మీ ప్రొఫైల్ తెరిస్తేనే కాస్టింగ్ వాళ్లకు, అంటే పాత్రలకు నటులను ఎంపిక చేసేవాళ్లకు, తెలిసిపోతుంది, వాళ్లకు తెలియనిదల్లా మీరు ఇంకో మనిషిలా ఉండగలరా అన్నది ఒక్కటే. ఫాలోవర్ల సంఖ్య మహా అయితే మీ ఆడిషన్ టేపును (పాత్ర కోసం మీరు నటించి పంపే వీడియోను) ఓపెన్ చేయిస్తుంది. ఆ తర్వాత దానివల్ల పెద్ద సాయం ఉండదు, పైగా అది తెచ్చిపెట్టిన అలవాట్లు అడ్డుపడతాయి కూడా.

రీల్స్ చేసే అమ్మాయిని ఆడిషన్ టేపులో పది సెకన్లలో పట్టేయొచ్చు. సీన్ ఇది అనుకోండి: కూతురు ఉద్యోగం మానేసి వారమైంది, ఇవాళ అమ్మకు చెప్పాలి. డైలాగ్ ఒక్కటే, "అమ్మా, నేను ఉద్యోగం మానేశాను." రికార్డింగ్ మొదలవగానే చూపు తిన్నగా లెన్స్‌లోకి పోతుంది, కనుబొమ్మలు పైకి లేస్తాయి, మొదటి సెకన్లోనే డైలాగ్ వచ్చేస్తుంది, చివర్లో ఎవరో నవ్వుతారని ఆగినట్టు చిన్న గ్యాప్. తప్పు ఆమెది కాదు, రెండు సెకన్లలో పట్టుకోకపోతే చూసేవాడు పైకి తోసేస్తాడన్న భయం ఒంటికి పట్టేసింది. కానీ ఇక్కడ ఎదురుగా ఉన్నది అమ్మ, ఆమె స్క్రోల్ చేసి వెళ్లిపోదు. ఆ డైలాగ్‌కి ముందు వారం రోజులు నోరు విప్పకుండా తిరిగిన మనిషి ఉంది, చూడాలనుకునేది ఆ మనిషిని.

దీనికి మందు కాస్త విసుగ్గా ఉంటుంది. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, దాని పక్కనే ఒక మనిషిని కూర్చోబెట్టి, మూడు నిమిషాల సీన్‌ని ఒక్క కట్ కూడా లేకుండా చేయండి. చేతులకు ఏదో ఒక పని పెట్టండి. ఉతికిన బట్టలు మడతపెడుతూ అదే డైలాగ్ చెప్పి, తర్వాత ప్లే చేసుకుని, చొక్కా సగం మడతలో ఉండగా చేయి ఎక్కడ ఆగింది, అసలు ఆగిందా లేదా చూసుకోండి. జంప్ కట్లకు (మధ్య ముక్కలు తీసేసి గబగబా అతికించే ఎడిటింగ్‌కు) అలవాటుపడినవాళ్లకు నిమిషం గడవకముందే ఏం చేయాలో తోచదు, అక్కడి నుంచే అసలు ప్రాక్టీసు మొదలవుతుంది. రోజుకొకటి చొప్పున నెల రోజులు చేయండి, ఒక్కటి కూడా అప్‌లోడ్ చేయకండి. అప్‌లోడ్ చేస్తామని మనసులో ఉంటే కనుబొమ్మలు మళ్లీ లేస్తాయి.

టేపు సంగతి. ఫోన్ అడ్డంగా, కళ్ల ఎత్తులో ఉండాలి, వెనక ఖాళీ గోడ, వెలుతురు ముందునుంచి. ఛాతీ పైనుంచి కనిపిస్తే చాలు. ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి లెన్స్‌కి ఆనుకునే కూర్చోవాలి, మీ చూపు లెన్స్‌లోకి కాకుండా వాళ్ల మీదకి వెళ్లాలి, వాళ్ల గొంతు మీ గొంతుకన్నా తగ్గి ఉండాలి. బ్యూటీ ఫిల్టర్ పొరపాటున కూడా వద్దు, కొన్ని ఫోన్లలో అది ముందే ఆన్ చేసి ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వద్దు, సబ్‌టైటిల్స్ వద్దు. ఎన్ని టేకులు అడిగితే అన్నే పంపండి. షోరీల్ (మీ నటన మచ్చుకు చూపించే చిన్న వీడియో) అయితే నిమిషం, నిమిషంన్నర, మొదటి షాట్‌లోనే మీరు మాట్లాడుతూ కనిపించాలి. స్లో మోషన్‌లో జుట్టు ఎగరేసే షాట్లు ఎంత ముద్దొచ్చినా తీసేయండి.

ఇక దారి సంగతి. ఈ రూట్లో వెళ్లినవాళ్ల సంవత్సరాలు చూస్తే ఒకటి అర్థమవుతుంది. అమెరికన్ నటి ఇస్సా రే 2011లో తనే రాసి నటించిన వెబ్ సిరీస్‌ని యూట్యూబ్‌లో పెట్టింది, ముగించడానికి డబ్బు చాలక ప్రేక్షకుల దగ్గరే చందాలు పోగు చేసింది, హెచ్‌బీఓ టీవీ ఛానెల్‌లో ఆమె సొంత సిరీస్ వచ్చింది 2016లో. అక్కడి క్వింటా బ్రన్సన్ 2014లో ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న చిన్న కామెడీ వీడియోలతో వైరల్ అయ్యింది, తను సృష్టించి ప్రధాన పాత్ర చేసిన టీవీ సిరీస్ 2021లో మొదలైంది, దాని రచనకు 2022లో అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ అందుకుంది. ప్రాజక్తా కోలీ 2015లో యూట్యూబ్ ఛానెల్ పెడితే నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 2020లో, పెద్ద హిందీ సినిమా 2022లో. మన వైష్ణవి చైతన్య షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు చేస్తూ, 2020లో ఒక పెద్ద సినిమాలో హీరో చెల్లెలిగా కాసేపు కనిపించి, 2023లో ‘బేబీ’తో హీరోయిన్ అయ్యింది. అమెరికా అమ్మాయి అడిసన్ రే మాత్రం 2019లో టిక్‌టాక్ మొదలుపెట్టి 2021కల్లా సినిమాలో లీడ్ రోల్ చేసేసింది, రివ్యూలు ఆ సినిమాను ఉతికి ఆరేశాయి, తర్వాత ఆమె పాటల వైపు గట్టిగా వెళ్లి 2025లో ఆల్బమ్ తెచ్చింది. రెండేళ్లలో అవ్వదని కాదు, అయితే ఆ నేర్చుకోవడమంతా అందరి ముందే జరుగుతుంది.

అందుకని నేను చెప్పేది, అవకాశం కోసం ఎదురుచూసే టైమ్‌లో మీ ఛానెల్‌లోనే ఐదారు ఎపిసోడ్ల కథ ఒకటి చేయండి, అందులో మీరు మీలా ఉండకూడదు. మీ రీల్స్‌లో గలగలా మాట్లాడే అమ్మాయి అయితే ఇక్కడ మాట తక్కువ మనిషి కావాలి. వ్యూస్ తగ్గుతాయి, అది ముందే తెలుసుకుని దిగండి. పది లక్షల వ్యూస్ ఉన్న డాన్స్ వీడియో కంటే పాతిక వేలు దాటని ఆ ఎపిసోడ్ లింకే కాస్టింగ్ వాళ్లకు పంపడానికి పనికొస్తుంది.

ఈలోగా ఖర్చులు ఎలా? యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, వాళ్లతో పాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణో, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూసో ఉండాలి. పెద్ద వీడియోల యాడ్ ఆదాయంలో 55 శాతం మీకు వస్తుంది, షార్ట్స్‌లో మీ పేర కేటాయించిన దాంట్లో 45 శాతం. అంటే షార్ట్స్ పేరు తెస్తాయి, ఖర్చుల భారం మోయడానికి మాత్రం పెద్ద వీడియోలు కావాలి. అసలు డబ్బు బ్రాండ్ డీల్స్‌లో ఉంటుంది, అసలు చిక్కులూ అక్కడే. కాంట్రాక్టులో మూడు చోట్ల ఆగి చదవండి: ఆ వీడియోని వాళ్లు ఎంతకాలం వాడుకుంటారు (‘శాశ్వతంగా’ అని ఉంటే కొట్టేయించండి, రేపు మీరు హీరోయిన్ అయ్యాక కూడా మీ పాత ముఖంతో యాడ్ తిరుగుతూనే ఉంటుంది), మీ అకౌంట్ పేరుమీద వాళ్లే యాడ్స్ నడుపుకునే హక్కు ఇస్తున్నారా, అదే రకం వేరే బ్రాండ్లతో ఎన్ని నెలలు పనిచేయకూడదు. మేనేజ్‌మెంట్ కంపెనీతో సంతకం చేసేటప్పుడు ఛానెల్, దానికి కట్టిన ఈమెయిల్ మీ పేరుమీదే ఉండాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఒరిజినల్ ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో దాచుకోండి. 2013లో వచ్చిన వైన్ అనే చిన్న వీడియోల యాప్‌లో కొత్త వీడియోలు పెట్టడం 2017 జనవరికల్లా ఆగిపోయింది, భారత్‌లో టిక్‌టాక్ 2020 జూన్ 29న నిషేధమైంది, ఆ రాత్రి ఎంతమంది ఫాలోవర్లు ఉన్నా లెక్కలోకి రాలేదు.

రోల్ వచ్చిందా, సంతోషం. షూటింగ్ మొదలయ్యే లోపు కనీసం నెలకు సరిపడా వీడియోలు తీసి పెట్టుకోండి, సెట్‌లో కూర్చుని ఎడిటింగ్ చేయాలనుకుంటే రెండూ పాడవుతాయి. షెడ్యూల్ మధ్యలో జుట్టు రంగు మార్చకండి, కత్తిరించకండి, బ్రాండ్ వాళ్లు ఎంత ఇస్తామన్నా సరే, కంటిన్యుటీ (ముందు తీసిన షాట్లతో పొంతన) పోతే రీషూట్ ఖర్చు ఎవరి మీద పడుతుందో మీ కాంట్రాక్టులోనే ఉండొచ్చు. సెట్ నుంచి స్టోరీ పెట్టే ముందు అడగండి, అద్దంలో సెల్ఫీ అయినా సరే, వెనకాల వేలాడుతున్న డ్రెస్ ఒక్కటి చాలు గెటప్ లీక్ అవ్వడానికి. ఇంకో మాట, మీ వీడియోలకు మీరే డైరెక్టర్, మీరే ఎడిటర్. ఇక్కడ కాదు. "నా ఆడియన్స్‌కి ఇది ఎక్కదండీ" అనే మాట నోటిదాకా వస్తుంది, మింగేయండి.

జాగ్రత్తలు. ఆడిషన్‌కి, పోర్ట్‌ఫోలియోకి, ‘రిజిస్ట్రేషన్’కి డబ్బు అడిగేవాళ్లు కాస్టింగ్ వాళ్లు కాదు, అక్కడితో బ్లాక్ చేయండి. మీటింగ్ అంటే ఆఫీసులో, పగటిపూట, మీతో ఇంకొకరు ఉండగా. ఎక్కడున్నారో అక్కడి నుంచి వెళ్లిపోయాకే పోస్ట్ చేయండి. పద్దెనిమిది నిండకపోతే ప్రతి కాంట్రాక్టూ ఇంట్లో పెద్దవాళ్లు చదివి సంతకం పెట్టాల్సిందే, సెట్‌కి కూడా వాళ్లలో ఒకరు రావాలి.

రిలీజ్ వారంలో మీ కామెంట్లలోకి మీ పాత ఫాలోవర్లు కానివాళ్లు వస్తారు, "రీల్స్ చేసుకోక నీకెందుకు" అనేవాళ్లు కూడా వాళ్లలోనే ఉంటారు. ఆ వారం పాటు లాగిన్ నమ్మకమైన మనిషి చేతిలో పెట్టండి, పోస్టులు వాళ్లే వేస్తారు. సినిమాని మాత్రం థియేటర్లో టికెట్ కొనుక్కుని, ముఖం కనపడకుండా వెనక వరసలో కూర్చుని చూడండి, మీ సీన్ వచ్చినప్పుడు తెర వైపు కాదు, ముందు వరసలో ఎవరైనా జేబులోంచి ఫోన్ తీస్తున్నారేమో చూడండి.