పాత డాస్ ఆటలకు కొత్త కంట్రోలర్

డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఆటలను నేటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా వంటి ఆటలు ఆడేవారికి ఒక మాట: కంట్రోలర్‌ను జాయ్‌స్టిక్‌గా కాక కీబోర్డుగా వాడుకోండి. ఆనాటి పీసీలో జాయ్‌స్టిక్ తగిలించే గేమ్‌పోర్టులో ఒక్కో జాయ్‌స్టిక్‌కు మామూలుగా రెండే బటన్లు. పైగా స్టిక్ ఎంత వంగిందో కంప్యూటర్ నేరుగా చదవదు, సంకేతం మారడానికి పట్టిన సమయాన్ని కొలిచి లెక్కగడుతుంది. అందుకే స్టిక్ స్థానాలను సరిచూసే ఆ కాలిబ్రేషన్ గొడవంతా. అది సరిగా కుదరక మన వీరుడు తనంతట తానే నడిచి ముళ్ల గుంతలో పడితే ఎవరికి బాగుంటుంది!

ముందు కంట్రోలర్ తగిలించి, ఆ తర్వాతే డాస్‌బాక్స్ తెరవండి. కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కితే, ఏ కీకి ఏ బటనో కుదిర్చే కీమ్యాపర్ వస్తుంది. అందులో పైబాణం మీద క్లిక్ చేసి, ‘యాడ్’ నొక్కి, కంట్రోలర్‌లో డి-ప్యాడ్‌ను (నాలుగు దిక్కుల బటన్‌ను) పైకి నొక్కండి. మిగతా బాణాలకూ అంతే. ‘సేవ్’ నొక్కకపోతే శ్రమంతా వృథా. షిఫ్టును మాత్రం కంట్రోలర్ పై అంచున ఉండే భుజం బటన్‌కే ఇవ్వండి. అంచు పట్టుకుని వేలాడటానికీ, ఆచితూచి అడుగు వేయడానికీ ఈ ఆటలో అదే దిక్కు.

స్టిక్ తప్పనిసరైన విమానాల ఆటల్లో గురి ఒక పక్కకు జారిపోతుంటే, డాస్‌బాక్స్ సెట్టింగులుండే కాన్ఫిగరేషన్ ఫైలులోని జాయ్‌స్టిక్ విభాగంలో ‘టైమ్‌డ్’ను ‘ఫాల్స్’గా మార్చి చూడండి.