ప్రొస్టేట్ వాపుకు ఆపరేషన్ చేస్తే బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చిందా? ముందు చూడాల్సినవి

మూత్రం ఆగిపోతోందని నాయనకు టెలిస్కోపుతో గీకే ప్రొస్టేట్ ఆపరేషన్ చేయించారు. గొట్టం తీశారు, ధార బాగుంది. ఇంతలో బయాప్సీ రిపోర్టులో ‘అడినోకార్సినోమా’ (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్) అని వచ్చింది. వెంటనే హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కకండి. ఇలా బయటపడేవాటిలో చాలా భాగం చిన్నవి, నిదానంగా పెరిగేవి. తొందరపడి గ్రంథి మొత్తం తీయించుకుంటే మూత్రం ఆపుకోలేని ఇబ్బంది జీవితాంతం ఉండిపోవచ్చు.

రిపోర్టులో మొదట చూడాల్సింది గీకి తీసిన కండలో క్యాన్సర్ ఎంత శాతం ఉందన్నది. 5 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే టీ1ఏ దశ, మించితే టీ1బీ దశ. తర్వాత గ్లీసన్ స్కోరు, అంటే క్యాన్సర్ కణాలు ఎంత ఉధృతంగా ఉన్నాయో చెప్పే అంకె. 3+3=6 అంటే అన్నిటికన్నా నెమ్మదైన రకం. 3+4, 4+3 రెండూ 7 అయినా ఒకటి కాదు, రెండోది ఎక్కువ ప్రమాదకరం. 8 నుంచి 10 వరకూ ఉంటే మాత్రం జాప్యం వద్దు. శాతం రాయకపోతే ల్యాబును అడిగి రాయించుకోండి, అది లేకుండా నిర్ణయం కుదరదు.

ఆ ల్యాబు నుంచే స్లైడ్లు, కండ ముక్కలు దాచిన పారాఫిన్ మైనపు బ్లాకులు కూడా తీసుకోండి. గ్లీసన్ లెక్కలో ఇద్దరు పాథాలజిస్టుల (ముక్కను మైక్రోస్కోపులో చూసే డాక్టర్ల) మధ్య తేడా రావడం మామూలే కాబట్టి రెండో అభిప్రాయం తప్పకుండా కావాలి. మైనపు బ్లాకులను కర్నూలు ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీదో బైకు డిక్కీలోనో వదలకండి, కరిగిపోతాయి.

ఆపరేషన్‌కు ముందు చేసిన పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) కాగితం వెతికి పెట్టుకోండి. ఇక్కడ తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. ప్రొస్టేట్ వాపుకు ఇచ్చే ఫినాస్టెరైడ్ లేదా డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరు నెలలు పైగా వాడినవారిలో పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 ఉంటే దాదాపు 6 అనుకోవాలి. మూత్రం ధారకు ఇచ్చే టామ్సులోసిన్‌తో ఈ బాధ లేదు. గొట్టం ఉన్నప్పుడూ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడూ చేస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే కొత్త పీఎస్‌ఏ ఆపరేషన్ అయ్యాక కనీసం 6 వారాలు, వీలైతే 3 నెలలు ఆగి చేయించండి.

ఎమ్మారై కూడా అంతే. గాయం తాలూకు రక్తం మచ్చలు క్యాన్సర్‌లా కనిపించి తప్పుదారి పట్టిస్తాయి, 6 నుంచి 8 వారాలు ఆగాలి. అలాగని ఎమ్మారై మానేయకూడదు. టెలిస్కోపు ఆపరేషన్ గ్రంథి లోపలి భాగాన్నే గీకుతుంది, ఎక్కువ క్యాన్సర్లు పుట్టేది బయటి అంచులో. అక్కడ అనుమానం కనిపిస్తే మళ్లీ సూది బయాప్సీ చేస్తారు.

టీ1ఏ, గ్లీసన్ 6, పీఎస్‌ఏ తక్కువ అయితే చాలామందికి నిఘా చాలు: ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, ఏడాదికోసారి వేలితో పరీక్ష, అవసరాన్ని బట్టి ఎమ్మారై, బయాప్సీ. ఇది వైద్యం వదిలేయడం కాదు. తారీఖులు తప్పితే నిఘాకు అర్థమే లేదు, క్యాలెండరు మీద రాసి పెట్టండి. వయసు, షుగరు, గుండె జబ్బు కూడా చెప్పాల్సిందే. ఇంకా పదేళ్లకు పైగా బతికే ఆరోగ్యం ఉన్న మనిషికి, మంచాన ఉన్న పెద్దాయనకు ఒకే వైద్యం ఉండదు.

శస్త్రచికిత్సో రేడియేషనో అవసరమైతే కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రి యూరాలజీ (మూత్ర సంబంధ జబ్బుల) విభాగం వాళ్లను, కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను అడగండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోదలిస్తే బియ్యం కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టుతో ముందే ఆరోగ్యమిత్రను (ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే వ్యక్తిని) కలవండి, అనుమతి రాకముందు డబ్బు కట్టేయకండి. ఏ వైద్యమైనా మొదటి గాయం మానడానికి సాధారణంగా 2, 3 నెలలు ఆగుతారు. గాయం మానకముందే రేడియేషన్ ఇస్తే మూత్రనాళం బిగుసుకుపోయే ముప్పు పెరుగుతుంది.

ఆపరేషనైన 2, 3 వారాలకు మూత్రంలో కాస్త రక్తం పడితే భయపడకండి, లోపలి పొక్కు ఊడటం వల్ల అది మామూలే, నీళ్లు బాగా తాగించండి. గడ్డలు పడి మూత్రం ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా రాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.