383 కడుతున్నారా? బిగించే ముందు రెండు చుట్లు తిప్పి చూడండి

ఇక్కడ టెక్సస్‌లో మన కుర్రాళ్లు ఇద్దరు ఈ చలికాలం పాత షెవర్లే 350 ఇంజిన్‌ని 383 చేయబోతున్నారు (ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు). డబ్బులు తక్కువ, ఉత్సాహం ఎక్కువ. వాళ్లకు చెప్పిన జాగ్రత్తలే ఇక్కడ రాస్తున్నాను.

350లో బోర్ (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 3.48. బోర్‌ని 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెంచి, 400 ఇంజిన్ క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ఉండే 3.75 స్ట్రోక్ వేస్తే 383 క్యూబిక్ అంగుళాలు వస్తాయి. అసలు 400 క్రాంక్ మెయిన్ జర్నల్స్ (బ్లాక్ బేరింగుల్లో తిరిగే భాగాలు) 2.65 అంగుళాలు. 350 బ్లాక్‌లో పట్టాలంటే వాటిని 2.45కి తగ్గించాలి. ఆ పని చేయించే ముందు, 350 కొలతకే తయారై వచ్చే కొత్త క్యాస్ట్ క్రాంక్ ధర కూడా కనుక్కోండి. చాలాసార్లు అదే చవక పడుతుంది.

చిక్కంతా ఆ పెరిగిన స్ట్రోక్‌తోనే. పెరిగింది 0.27 అంగుళం. అందులో సగం, అంటే 135 థౌ, పిస్టన్ పైకి ఎక్కువ వస్తుంది. అందుకే 5.7 అంగుళాల రాడ్లతో (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీలు) పాత 350 పిస్టన్లు వాడేద్దాం అనుకోకండి, బ్లాక్ దాటి బయటికొస్తాయి. పిన్ ఎత్తు (రాడ్ పిన్ నుంచి పిస్టన్ పైభాగం దాకా దూరం) తగ్గించిన 383 పిస్టన్లే కొనాలి. రాడ్ పెద్ద చివర కూడా అదే 135 థౌ బయటికి తిరుగుతుంది. కింద ఆయిల్ పాన్ అంచు దగ్గర బ్లాక్‌కి, పైన క్యామ్‌షాఫ్ట్‌కి (వాల్వులు తెరిచే షాఫ్ట్) రాడ్ బోల్ట్ తగలడానికి కారణం ఇదే.

నా మొదటి 383కి క్యామ్‌షాఫ్ట్ లేకుండానే క్రాంక్ తిప్పి చూశాను. ఎక్కడా తగల్లేదు, హాయిగా బిగించేశాను. తర్వాత క్యామ్, టైమింగ్ చైన్ వేసి తిప్పితే ఒకచోట సన్నగా టిక్‌మని ఆగిపోయింది. చూస్తే క్యామ్ లోబ్ (షాఫ్ట్ మీది ఉబ్బు) పక్కన గోటితో గీకినంత మెరుపు గీత. మళ్లీ అంతా విప్పాల్సి వచ్చింది.

కాబట్టి క్యామ్ వేసి, చైన్ గుర్తులు సరిగ్గా కలిపి, అప్పుడు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది, ఒక్క చుట్టుతో ఆపితే సగమే చూసినట్టు. ఎనిమిది రాడ్లకీ ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే సన్న రేకులు) పెట్టి 60 థౌ ఖాళీ ఉందో లేదో చూడండి. తగిలేచోట మార్కర్‌తో గీసి, అన్నీ విప్పేశాకే గ్రైండర్ పట్టండి. కొద్దికొద్దిగా అరగదీయండి, లోతుగా పోతే నీళ్ల జాకెట్‌కి (బ్లాక్‌లో నీళ్లు తిరిగే దారి) చిల్లు పడుతుంది. ఆ తర్వాత బ్లాక్‌ని వేడినీళ్లు, సబ్బుతో కడగాలి. ఆయిల్ దారుల్లోకి బ్రష్ దూర్చి, తెల్లగుడ్డకి నలుపు అంటనంత వరకూ కడగండి. ఆరగానే బోర్లకి నూనె రాయండి, గంటలోనే తుప్పు పట్టొచ్చు.

బ్యాలెన్స్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 400 క్రాంక్‌కి బరువు బయట, బ్యాలెన్సర్‌లోనూ (క్రాంక్ ముందు చక్రం) ఫ్లెక్స్‌ప్లేట్‌లోనూ (వెనక పళ్ల పళ్లెం) ఉంటుంది. వాటి బదులు 350వి తగిలిస్తే ఇంజిన్ వణికి బేరింగ్లు తినేస్తుంది. బ్లాక్ 1986 ముందుదా తర్వాతదా అన్నదీ క్రాంక్ కొనకముందే చూసుకోండి, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ అప్పటినుంచి మారిపోయింది. పాత రాడ్ బోల్ట్‌లు మళ్లీ వాడొద్దు. మిగిల్చుకోవాలంటే క్రోమ్ కవర్లు, కొత్త కార్బ్యురేటర్ మానుకోండి.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు గ్యారేజ్ తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. డిస్ట్రిబ్యూటర్ తీసి, డ్రిల్‌తో ఆయిల్ పంపు తిప్పి, పైన రాకర్ల దాకా నూనె వచ్చాకే స్టార్ట్ చేయండి. ఫ్లాట్ ట్యాపెట్ (రోలర్ లేని రకం) క్యామ్ అయితే జింక్ ఉన్న ఆయిల్ పోసి, వెంటనే 2000 ఆర్‌పీఎమ్ దాటించి 20 నిమిషాలు ఉంచాలి, ఐడిల్‌లో వదలొద్దు. ఆపాక ఆయిల్ దించి, ఫిల్టర్ కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. సన్నటి బూడిద రంగు పొడి కొద్దిగా ఉంటే భయం లేదు. రాగి రంగు రవ్వలు కనిపిస్తే మళ్లీ స్టార్ట్ చేయకండి, బేరింగ్ పోతోంది.