రికాబులు లేని స్వారీలో కాలు కుదురుకోకపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రికాబులు, అంటే జీనుకు వేలాడుతూ పాదానికి ఆధారమిచ్చే కడియాలు, వదిలి స్వారీ చేస్తే కాలు కుదురుతుందని శిక్షకులు చెబుతారు. అది నిజమే కానీ, రికాబులు తీసేసినంత మాత్రాన కాలు దానంతటదే సరైన చోటికి రాదు. పాదానికి ఆధారం పోగానే పడిపోతామన్న భయంతో శరీరం ఎక్కడో ఒకచోట గుర్రాన్ని పట్టుకోజూస్తుంది. ఆ పట్టు మోకాలి దగ్గర పడితే ఒక లోపం, పిక్క దగ్గర పడితే మరొకటి, నడుములో పడితే ఇంకొకటి బయటపడతాయి. అందువల్ల లోపం పాదంలో కనిపించినా, కారణాన్ని తుంటి నుంచి కిందికి వెతుక్కుంటూ రావాలి. పక్క నుంచి చూసినప్పుడు రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలన్నదే ఈ అభ్యాసం లక్ష్యం.

మొదలుపెట్టే ముందు

నిదానమైన, వీపు కండరాలు బాగా బలపడిన గుర్రాన్ని ఎంచుకోవాలి. చుట్టూ కంచె ఉన్న మైదానం, తలకు సరిపోయే హెల్మెట్ తప్పనిసరి. వీలైతే శిక్షకుడు పొడవాటి తాడుతో గుర్రాన్ని వలయంలో తిప్పుతుండగా ఈ అభ్యాసం చేయడం అన్నిటికన్నా మేలు, ఎందుకంటే అప్పుడు గుర్రాన్ని నడిపించే బాధ్యత లేక రౌతు తన శరీరం మీదే దృష్టి పెట్టగలుగుతాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్తగా చేరినవారు మొదట చాలాకాలం రికాబులు, పగ్గాలు రెండూ లేకుండా ఇలా తాడు మీదనే నేర్చుకుంటారు.

రికాబులను అలాగే వేలాడనిస్తే అవి ఊగి గుర్రం పక్కలకూ, రౌతు చీలమండలకూ తగులుతాయి. వాటిని గుర్రం మూపు మీదుగా అవతలి పక్కకు వేసుకోవాలి. ముందు కుడి రికాబును, దాని మీద ఎడమ రికాబును వేస్తే, దిగి మళ్ళీ ఎక్కవలసి వచ్చినప్పుడు ఎడమది సులువుగా చేతికి వస్తుంది. వేసే ముందు తోలుపట్టీ బకిల్‌ను కొద్దిగా కిందికి లాగి, పట్టీని చదునుగా మడవాలి. ఈ చిన్న పని మరచిపోతే బకిల్ ముడి తొడ కింద ఒత్తుకుంటుంది, దాని నుంచి తప్పించుకోవడానికి కాలు వంకరపోతుంది. తొడ లోపలి చర్మం ఒరుసుకుపోయిందని చెప్పేవారు మొదట ఈ ముడినీ, ఆ తరువాత తమ ప్యాంటు కుట్లనూ చూసుకోవాలి.

మోకాలు పైకి జరిగి, కాలు ముందుకు పోతుంటే

అన్నిటికన్నా తరచుగా కనిపించే లోపం ఇది. రౌతు కుర్చీలో కూర్చున్నట్టు జీను వెనుక భాగంలో కూలబడతాడు, మోకాళ్ళు పైకి లేస్తాయి, మడమలు గుర్రం భుజాల వైపు జరుగుతాయి. రోజంతా కుర్చీలో కూర్చొని పనిచేసేవారికి తొడ ముందు, తుంటి ముందు ఉండే కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. రికాబు లేనప్పుడు ఆ బిగువు మోకాలిని పైకి లాగుతుంది. రెండో కారణం, కటి వెనక్కి ఒరిగి బరువు పిరుదుల ఎముకల మీద కాక వెన్ను చివరి ఎముక మీద పడటం. రికాబులే లేని కాలంలో, క్రీ.పూ. 4వ శతాబ్దంలో, గ్రీకు సేనాని జెనొఫన్ కూడా ఈ లోపాన్నే వద్దన్నాడు: గుర్రం మీద కుర్చీలో ఉన్నట్టు కాక, కాళ్ళు ఎడం చేసుకుని నేల మీద నిలబడినట్టు ఉండాలన్నది ఆయన సలహా.

సవరణ నిలబడి ఉన్న గుర్రం మీద మొదలవ్వాలి. ఒక చేత్తో జీను ముందు భాగాన్ని పట్టుకొని, రెండు తొడలనూ ఒక్క క్షణం జీను నుంచి పక్కలకు ఎత్తితే పిరుదుల ఎముకలు రెండూ ఎక్కడ ఆనుతున్నాయో స్పష్టంగా తెలుస్తుంది. ఆ స్థానాన్ని వదలకుండా తొడలను మెల్లగా దింపాలి. తరువాత చేతిని తొడ వెనుక నుంచి పోనిచ్చి, అక్కడి కండను వెనక్కి, బయటికి లాగితే తొడ లోపలి చదునైన భాగం జీనుకు ఆనుతుంది, మోకాలు దానంతటదే కిందికి దిగుతుంది. ఇక అక్కడి నుంచి కాలు తీగ మీద ఆరవేసిన తడి బట్టలా తన బరువుతో తాను వేలాడాలి. గుర్రం ఎక్కని రోజుల్లో ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం ముందుకు వేసి తుంటి ముందు భాగాన్ని సాగదీసే వ్యాయామం చేస్తే మార్పు త్వరగా వస్తుంది.

ఇవన్నీ చేసినా కాలు ముందుకే పోతుంటే జీనును అనుమానించాలి. జీనులో అన్నిటికన్నా పల్లమైన చోటు బాగా వెనుకకు ఉంటే, రౌతు ఎంత ప్రయత్నించినా అందులోకి జారిపోతూనే ఉంటాడు. అదే రౌతును అదే గుర్రం మీద, దానికి సరిపోయే మరో జీనుతో కూర్చోబెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

మోకాలు బిగిసి, దాని కింది కాలు ఊగుతుంటే

మోకాలు జీనును నొక్కి పట్టుకున్నప్పుడు కాలు అక్కడ ఇరుసు మీద ఉన్నట్టు తిరుగుతుంది కనుక పిక్క ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఆ నొక్కుడు రౌతును జీను నుంచి పైకి నెట్టడం. గట్టిగా పట్టుకుంటేనే పడిపోమన్న నమ్మకం దీనికి మూలం, కానీ జరిగేది దానికి విరుద్ధం. నడకలో ఒక్కొక్క మోకాలినీ కొద్దిగా జీను నుంచి దూరం చేసి వదలడం, చీలమండలను గుండ్రంగా తిప్పడం, ఆ తరువాత పిక్క లోపలి వైపు గుర్రం పక్కకు తేలికగా తగిలేలా ఉంచడం దీనికి మందు.

మడమ పైకి లేస్తుంటే, కాలివేళ్ళు బయటికి తిరుగుతుంటే

ఈ రెండూ మడమతో గుర్రాన్ని పట్టుకోవడం వల్ల వచ్చేవే. మడమను బలవంతంగా కిందికి తొయ్యమని చెప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. నేను దానిని సమర్థించను. అలా తోస్తే చీలమండ బిగుసుకుపోతుంది, కాలు మళ్ళీ ముందుకు పోతుంది. మొదట కొంతసేపు పాదాన్ని పూర్తిగా వదిలి వేళ్ళను కిందికి వేలాడనివ్వాలి. తొడ వదులైందని అనిపించాక పాదం ముందు భాగాన్ని మాత్రం కొద్దిగా ఎత్తితే చాలు. వేళ్ళు బయటికి తిరిగే లోపాన్ని చీలమండ మెలితిప్పి సరిచేయకూడదు. కాలిని మొత్తంగా తుంటి దగ్గర నుంచి లోపలికి తిప్పాలి.

ట్రాట్‌లో ఎగిరెగిరి పడుతుంటే

చాలామంది అభ్యాసాన్ని మానేసేది ఇక్కడే. ట్రాట్ రెండు తాళాల గమనం: గుర్రం మూలకు మూలగా ఉన్న కాళ్ళను జతగా వేస్తుంది, ఆ రెండు జతల మధ్య ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయి. ఆ సమయంలో గుర్రపు వీపు ఎడమ, కుడి పక్కలు ఒకదాని తరువాత ఒకటి పైకి లేచి దిగుతాయి. రౌతు నడుము ఆ కదలికను తనలోకి తీసుకోకపోతే, వీపు లేచినప్పుడు అతడు పైకి విసిరివేయబడి, అది మళ్ళీ లేచేటప్పటికి కిందికి వచ్చి ఢీకొంటాడు. అంటే కదలకుండా కూర్చోవాలన్న పట్టుదలే ఎగిరిపడటానికి కారణం. దానికి తోడు భయంతో ఊపిరి బిగబట్టడం వల్ల నడుము మరింత గట్టిపడుతుంది.

గుర్రం ఎంత మెల్లగా ట్రాట్ చేయగలదో అంత మెల్లగా మొదలుపెట్టి, పది పన్నెండు అడుగులకే నడకకు దించాలి. కుదురు చెదరకముందే ఆపడం ఇందులో కీలకం. చెదిరిన తరువాత కూడా కొనసాగిస్తే శరీరం బిగుసుకోవడాన్నే నేర్చుకుంటుంది. అడుగులను బయటికి వినిపించేలా లెక్కపెడితే ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు. ఒక చేత్తో జీను ముందు భాగాన్నో, దానికి కట్టిన పట్టీనో పట్టుకొని పిరుదులను జీనులోకి లాగుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. తప్పల్లా పగ్గాలను పట్టుకొని నిలదొక్కుకోవడంలోనే ఉంది, ఆ భారమంతా గుర్రం నోటి మీద పడుతుంది.

రికాబులు లేకుండా ట్రాట్‌లో లేచి కూర్చునే కసరత్తు తొడలకు బలాన్నిస్తుంది, అయితే అది మోకాలి పట్టుతోనే సాధ్యమవుతుంది కనుక కాలిని పొడవుగా దించే దశలో దానిని దూరంగా ఉంచడమే నా అభిప్రాయంలో మంచిది. ట్రాట్ కన్నా వేగంగా సాగే మూడు తాళాల గమనమైన క్యాంటర్ కొందరికి ట్రాట్ కన్నా తేలికగా అనిపిస్తుంది, కానీ నడకలోనూ ట్రాట్‌లోనూ కాలు వదులయ్యేదాకా దాని జోలికి పోకపోవడం క్షేమం.

ఒక పక్కకే జారుతుంటే

వలయంలో తిరిగేటప్పుడు వేగం రౌతును బయటి వైపుకు నెడుతుంది. అతడు లోపలికి వంగితే నడుము ఒక పక్కన కుంగి, బరువు మరింత బయటికి పోతుంది. లోపలి మోకాలిని కిందికి వదిలి, భుజాలను గుర్రం పోయే దిశకు తిప్పడం సరైన మార్గం. రెండు దిశల్లోనూ ఒకే పక్కకు జారుతుంటే లోపం రౌతులోనే ఉందా, జీను పక్కకు తిరిగి ఉందా అని శిక్షకుడు వెనుక నుంచి చూసి చెప్పాలి. రౌతుదే అయితే, కుంగిన పక్కనున్న చేతిని తలపైకి ఎత్తి నడకలో కొన్ని చుట్లు తిరగడం వల్ల ఆ పక్క తెరుచుకుంటుంది.

గుర్రం చిరాకు పడుతుంటే

చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం, వీపు లోతుగా వంచడం, చెప్పకుండానే వేగం పెంచడం రౌతు కాళ్ళు బిగుసుకున్నాయనో, వీపు మీద దెబ్బలు పడుతున్నాయనో తెలిపే సూచనలు. వెంటనే నడకకు దిగాలి. లేత వయసు గుర్రాల మీద, వీపు నొప్పి ఉన్న గుర్రాల మీద ఈ అభ్యాసం చేయనే కూడదు. రౌతుకు కండరాల అలసట సహజమే, గజ్జల్లో సూది పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకు దిగిపోవాలి.

రికాబులు తిరిగి తీసుకోగానే పాత లోపం వస్తుంటే

ఇది నిరాశ కలిగించినా కారణాన్ని తేల్చుకోవడానికి మంచి అవకాశం. రికాబులు లేనప్పుడు కుదురుగా ఉన్న కాలు వాటితో ముందుకు పోతుందంటే, తోలుపట్టీ తగిలించే కడ్డీ జీనులో మరీ ముందుకు ఉండవచ్చు, లేదా పట్టీ పొడవు తప్పు కావచ్చు. రికాబులు ఉన్నా లేకున్నా లోపం ఒకేలా ఉంటే శరీరాన్నో, జీను పల్లాన్నో చూడాలి. అభ్యాసం తరువాత కాలు పొడవుగా దిగుతుంది కనుక పాత రంధ్రంలోనే ఉన్న రికాబు ఇప్పుడు పొట్టిగా మారి మోకాలిని మళ్ళీ పైకి నెడుతుంది. వేలాడే కాలి చీలమండ ఎముక దగ్గరకు రికాబు అడుగు వచ్చేలా పట్టీని ఒక్కొక్క రంధ్రం చొప్పున దించుకోవాలి. పాదం రికాబును వెతుక్కుంటూ వేళ్ళు సాచవలసి వస్తే అంత పొడవు ఇంకా తొందరపాటే, మళ్ళీ ఒక రంధ్రం పైకి రావాలి.