చీరల లిస్టు కుదించేముందు మాటలు లెక్కవెట్టుర్రి

గద్వాలల మా మామ చీరల దుకాణంల స్టాక్ లిస్టు నేనే రాస్త. చీర చీరకు "గద్వాల చీర, కాటన్ బాడీ, పట్టు అంచు, పట్టు కొంగు, ఎరుపు, 6000" అని రాసి రాసి వేళ్లు గుంజుతున్నయ్, ఒకే తీరువి ఒక్క పేరు కింద పెడితే పని తప్పుతది అనుకున్న, నిజంగ తప్పుతదా లేదా అన్నది లెక్కేసినంకనే తెలిసింది.

ఆ లైన్ల 10 మాటలు. 40 చీరలకు 400. ఇప్పుడు పైన ఒక్కసారి "గ అంటే గద్వాల చీర, కాటన్ బాడీ, పట్టు అంచు, పట్టు కొంగు" అని పెట్టుర్రి, ఇది ఇంకో 10. కింద "గ, ఎరుపు, 6000" అని మూడేసి, 120. మొత్తం 130. చానామంది ఆ పైన 10 లెక్కల వేసుకోరు, గదే తప్పు, ఆ లైన్ లేకుంటే కొత్తగొచ్చిన పిల్లగానికి గ అంటే గద్వాలో గళ్లచీరో ఏమెరుక? అట్లాంటి చీర ఒక్కటే ఉంటే 10 కాడ 13 అయితయి, నష్టమే.

బాడీ గూడ పట్టే ఉన్నవి మూడు దొరికినయ్. "గ, కానీ పట్టు బాడీ" అని రాస్తే ఒక్కోదానికి 3 మాటలెక్కువ, 139, పర్లే. 35 చీరలకు "కానీ" పెట్టాల్సొస్తే మాత్రం పైలైనే మార్చుర్రి.

ఎర్రచీరలన్నీ ఒక గుంపు చేద్దామని గూడ చూసిన. "ఎ అంటే ఎరుపు" అని 3 మాటలు పైన, కింద ఎరుపు బదులు ఎ, మాటకు మాటే పోయింది, మిగిలిందేం లేదు. గద్వాల అనంగనే బట్ట, అంచు, కొంగు అన్నీ ఎంబడే వస్తయి, ఎరుపు అంటే ఎరుపు తప్ప ఏం తెల్వది. గుంపు కట్టేముందు ఇదొక్కటి అడుగుర్రి, పేరు చెప్తే ఇంకేం తెలుస్తుంది అని.

రంగులు ఎనిమిది ఉండి అన్నీ సమానంగ వస్తుంటే, సమాచారాన్ని కొలిచేటందుకు 1948ల క్లాడ్ షానన్ అనే అమెరికా గణితం పండితుడు చెప్పిన కొలత ప్రకారం, రంగు చెప్పేటందుకు చీరకు 3 బిట్లు, బిట్ అంటే ఒక అవును-కాదు జవాబు. గద్వాల గుంపుల గూడ ఆ ఎనిమిదీ సమానంగనే ఉంటే అదే 3, పైసంత తగ్గదు. ఆ గుంపుల రెండే రంగులుంటే 1 బిట్‌తోని సరి.

ఆఖరికి పొడుగు లిస్టును, పొట్టి లిస్టును రెండింటినీ కంప్యూటర్ల జిప్ చేసి, అంటే ఫైల్ సైజు కుదించి, చూడుర్రి. సైజులు దగ్గర దగ్గరికొస్తయి, ఎందుకంటే ఒకటే ముక్క మళ్లొస్తే జిప్ దాన్ని రాయదు, "ఇంత వెనక్కి పోయి ఇంత పొడుగు తీస్కో" అని పెడ్తది, మనం చేసిన పనే అది చేస్తది. ఫైల్ సైజు కోసమైతే నా తిప్పలంత దండగ, వేళ్లకైతే సుఖం. రెండు మూడు లైన్లతోని మాత్రం చూడొద్దు, జిప్ సొంత రాతలే ఎక్కువై ఫైల్ ఇంకింత పెరగొచ్చు గూడ.