ఆర్మీ ర్యాలీకి, ఆ తరువాతి బ్యారక్ జీవితానికి ఊళ్లోనే సిద్ధం కావడం ఎలా?

ఆర్మీలో చేరాలనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుర్రవాళ్లలో చాలామంది పరుగు ఒక్కదాన్నే నమ్ముకుని సాధన చేస్తారు. పరుగు తప్పనిసరే. అయితే ఉదయం పీటీతో మొదలై సాయంత్రం ఆటలతో ముగిసే సైనికుడి దినచర్యలో, ఒంటరిగా పరుగెత్తడం మాత్రమే తెలిసినవాడు తొలి నెలల్లో చాలా ఇబ్బంది పడతాడు. అందుకే పరుగు, బీమ్ (అడ్డకమ్మీని పట్టుకుని ఒంటిని పైకి లాగే పుల్లప్‌లు), జట్టు ఆట, నలుగురితో కలిసి ఉండటం అనే నాలుగింటినీ మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా సమయం లెక్క వేసుకోవాలి. మన రెండు జిల్లాలూ గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. 2023 నుంచి ముందు కంప్యూటర్ పరీక్ష జరుగుతోంది, అందులో నెగ్గినవారినే ర్యాలీకి, అంటే శారీరక పరీక్షలకు పిలుస్తున్నారు. ఫలితాలు వచ్చాక పరుగు మొదలుపెడితే శరీరం సిద్ధం కాదు కనుక, దరఖాస్తు పెట్టిన రోజే సాధన ప్రారంభించాలి.

ఇక పరుగు. అగ్నివీర్ జనరల్ డ్యూటీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికి పూర్తిగా 60 మార్కులు ఇస్తారు. అంటే 400 మీటర్ల ట్రాక్‌పై నాలుగు చుట్లు, చుట్టుకు 82 సెకన్లు. ఈ అంకెను ఒంటికి పట్టించుకోవడమే అసలు సాధన. మొదటి నెల వేగం మాట తలపెట్టకుండా, పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా 3 నుంచి 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. రెండో నెల నుంచి వారానికి రెండు రోజులు మాత్రమే 400 మీటర్లను 82 సెకన్లలో ముగించి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగెత్తాలి. నాలుగు సార్లతో మొదలుపెట్టి ఆరు సార్లకు చేరవచ్చు. గుంపులో ఉత్సాహపడి మొదటి చుట్టును 70 సెకన్లలో లాగేసినవాడు మూడో చుట్టులో కూలబడటం ఎక్కువగా జరిగే పొరపాటు. దగ్గరలో స్టేడియం లేనివారు కాలువ గట్టు మీదో, ఊరి మట్టిబాట మీదో దూరం కొలిచి గుర్తు పెట్టుకోవచ్చు. సిమెంటు రోడ్డు మీద రోజూ పరుగెత్తితే మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పట్టుకుంటుంది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో అయితే మెత్తటి ఇసుకలో కాక, అల తడిపిన గట్టి ఇసుక మీద పరుగెత్తడం మేలు. ఎండాకాలంలో ఉదయం ఆరున్నరలోపే సాధన ముగించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి.

బీమ్ మీద 10 పుల్లప్‌లకు 40 మార్కులు, 6 తీస్తే 16 మాత్రమే. ఒక్కటి కూడా రానివారు స్టూలు ఎక్కి గడ్డాన్ని బీమ్ పైకి చేర్చి, అయిదు సెకన్లు పట్టేలా నెమ్మదిగా కిందికి దిగాలి. రోజు విడిచి రోజు ఇలా దిగుతూ ఉంటే కొన్ని వారాల్లో పైకి లాగే బలం కూడా వస్తుంది. తొమ్మిది అడుగుల గుంత దూకడం, బ్యాలెన్స్ నడక నెగ్గితే చాలు, వాటికి మార్కులు లేవు. ఉత్తేజం కోసం ఇంజెక్షన్లు, మాత్రలు వాడమని ఎవరు చెప్పినా వినవద్దు. అవి నిషిద్ధం, ప్రాణాంతకం కూడా.

సాయంత్రాలను తప్పక జట్టు ఆటకు కేటాయించాలి. మన ఊళ్లలో వాలీబాల్ నెట్టుకు, కబడ్డీ బరికి కొదవ లేదు. సైన్యంలో కంపెనీల (సైనిక దళాల) మధ్య పోటీలు జరుగుతూనే ఉంటాయి, అక్కడ ఆడగలిగినవాడిని అందరూ త్వరగా గుర్తుపడతారు. మిల్ఖా సింగ్ పరుగు ప్రతిభ బయటపడింది సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ అనే సైనిక శిక్షణ కేంద్రంలో, రిక్రూట్లకు పెట్టిన క్రాస్‌కంట్రీ పందెంలోనే.

చివరిది బ్యారక్ జీవితం. పక్క మంచంపై పంజాబీ, ఎదుటి మంచంపై అస్సామీ ఉండవచ్చు, ఉస్తాద్ (శిక్షకుడు) ఆజ్ఞలన్నీ హిందీలోనే ఉంటాయి. కాబట్టి రోజూ పావుగంట హిందీ మాట్లాడటం సాధన చేయాలి. వారానికి కొన్ని పూటలు అన్నం బదులు రొట్టె, పప్పు తినడం, దుప్పటి మడత పెట్టుకోవడం, బట్టలు తానే ఉతుక్కోవడం ఇంట్లోనే మొదలుపెట్టాలి. అధికారులు, జవాన్లు కలిసి భోంచేసే బడా ఖానాలో మూలన కూర్చోకుండా పాటో, పద్యమో వినిపించగలిగితే కొత్తవాళ్లతో స్నేహం తొందరగా కుదురుతుంది. శిక్షణలో ఫోను వాడకానికి పరిమితులు ఉంటాయి కనుక, కొన్ని రోజులు కబురు అందకపోయినా కంగారు పడవద్దని అమ్మానాన్నలకు రైలెక్కకముందే నచ్చజెప్పాలి.